జెంటూ శబ్దము: పరులు మనకిడిన పేరు

1817వ సంవత్సరమున మదరాసులో విలియం బ్రౌను అను నాంగ్లేయుడు ఒక వ్యాకరణమును ప్రకటించెను. దాని పేరు తెలుగున జెప్పినచో "జెంటూ భాషా వ్యాకరణము" అని యగును. మదరాసునకు ఉత్తరమునను వాయవ్యమునను నివసించు జెంటూ జనులు మాటలాడు భాషకిది వ్యాకరణమని ఆ పేరే విశదపఱచుచున్నది. నేటి యువకుడెవడేని ఆ యట్టపై పేరు చూచి, ఈ జెంటూ లెవ్వరు, ఏ దేశపు వారు అని పుస్తకమును ప్రక్కకు నెట్టివేసినను ఆశ్చర్యము లేదు. లోపల ఉన్నది తెలుగు. జెంటూ జనులనగా మనమే. ఈ బ్రౌను మన నిఘంటుకర్తయగు చార్లెసు ఫిలిప్పు బ్రౌను కాడు; ఆయన కుంపిణీ కొలువునకై మదరాసున దిగినది సరిగా ఆ సంవత్సరముననే.

చుట్టునున్నవారు పిలిచిన పేరుతో తరములు గడపుట ప్రవాసాంధ్రులకు క్రొత్త కాదు. తమిళనాట మనము వడుగులము, అనగా ఉత్తరాదివారము. ఒడిశాలో తెలెంగాలము. బొంబాయిలో కట్టుబడి పనులకై వచ్చి నిలిచిన మనవారు కామాఠీలైరి. వారు కాపురమున్న పేట నేటికిని కామాఠీపురమే. 18వ శతాబ్దమున బెంగాలు ప్రాంతములలో తిలంగా యనగా సిపాయి యని యర్థము. కుంపిణీవారి తొలి పటాలములు దక్షిణమునుండి అచ్చటికి పోయినందున ఆ పేరు వచ్చెను. ఇవన్నియు దిక్కును బట్టియో, దేశమును బట్టియో, పనిని బట్టియో ఇరుగుపొరుగువారిచ్చిన పేర్లు. జెంటూ అను మాట ఈ కోవకు చెందదు. అది సముద్రములు దాటి వచ్చినది. దానికి దిక్కు లేదు, దేశము లేదు. "మా మతమువాడు కాడు" అనుటయే దాని మొదటి యర్థము. అట్టి మాట తిరిగి తిరిగి తుదకు ఒక్క తెలుగువారి నెత్తిపై ఎట్లు నిలిచినదో చూడవలసియున్నది.

ఇంగ్లీషునకు ఈ మాటను ఇచ్చినది పోర్చుగీసు. పోర్చుగీసున "జెంతీయు" అందురు. దానికి మూలము లాటిను భాషలోని "జెన్సు". వంశము, కులము, జాతి యని దాని యర్థము. యూదులు తాముగాక మిగిలిన జాతులనెల్ల "గోయిం" అని పిలిచిరి. బైబిలును లాటినులోనికి తెచ్చినవారు ఆ మాటకు జెన్సు శబ్దపు బహువచనమును వాడిరి. యూదులనుండి ఈ తూకపురాయి క్రైస్తవుల చేతికి వచ్చినప్పుడు "జాతులు" అనగా క్రీస్తును ఎఱుగని జనులైరి. కేవలము జాతి యని చెప్పు మాట ఇట్లు పరమతస్థుడని చెప్పు మాటగా మాఱెను.

ఇచ్చట ఒక చిత్రము కలదు. ఆ లాటిను మాటకే మఱియొక కొమ్మ పుట్టినది. మంచి వంశమున జన్మించినవాడు అను నర్థము దానికి కలిగి, క్రమముగా మర్యాద, సౌమ్యత, నాగరికత అను నర్థములు చేరెను. పోర్చుగీసున "జెంతీల్" అన్నను, ఫ్రెంచిలో "జాంతీ" అన్నను నేడు మంచివాడు, మర్యాద తెలిసినవాడు అనియే అర్థము. ఇంగ్లీషువారి జెంటిల్‌మన్ ఈ కొమ్మనుండి కాచినవాడే. ఒకే తల్లికి పుట్టిన బిడ్డలలో ఒకడు దొర యయ్యెను, మఱియొకడు జెంటూ యయ్యెను. యానాము సోదరులు ఈ వింతను మనకంటె బాగుగ గ్రహింపగలరు. ఫ్రెంచి పాలనలోని పాతకాగితములలో హిందువునకు "జాంతీ" అనియే పేరు. ఆ కాగితమును నేటి ఫ్రెంచి చదువుకొన్న బాలుడు చూచినచో, దొరలు తన ముత్తాతను మెచ్చుకొనిరని సంతసించును.

1498లో వాస్కో డ గామా కాలికోటున దిగినప్పుడు పోర్చుగీసువారి యొద్ద పేర్ల పెట్టెలు రెండే యుండెను. ముసల్మానుడైనచో "మోరు", అది ఆఫ్రికా ఉత్తరతీరపు ముస్లిములతో వారు చేసిన యుద్ధములనాటి మాట. క్రైస్తవుడు, యూదుడు, ముసల్మానుడు కానివాడు జెంతీయు. ఈ రెండవ పెట్టె ఎంత పెద్దదనగా, అందులో మలబారు నాయరును పట్టును, విజయనగర చక్రవర్తియు పట్టును, అట్లాంటికు సముద్రమునకు ఆవల బ్రెజిలు అడవులలోని ఆదివాసియు పట్టును. మనోయెల్ ద నోబ్రెగ యను జెసూటు పాదిరి 1550వ దశకమున వ్రాసిన "జెంతీయుల మతాంతరీకరణమును గూర్చిన సంభాషణము" అను గ్రంథము భారతీయులను గూర్చినది కాదు. బ్రెజిలు ఆదివాసులను గూర్చినది. కాబట్టి పోర్చుగీసు వానికి జెంతీయు అనగానే హిందువు మనసున మెదలవలెనను నియమము లేదు.

అట్లని పోర్చుగీసువారు మనలను వేఱుగా గుర్తింపలేదని తలపరాదు. దుఆర్తె బార్బోసా 1516 ప్రాంతమున వ్రాసిన గ్రంథములో విజయనగర రాజ్యపు మండలములను పేర్కొనుచు, ఒక్కొక్కదానికి వేఱు భాష కలదని చెప్పి, ఒడిశా సరిహద్దును అంటియున్న మండలమును తెలింగు అనియు, రాజధానియున్న మండలమును కన్నరి అనియు, చోళమండలపు భాషను తమూలు అనియు వ్రాసెను. కృష్ణదేవరాయల కాలమున రాజధానిని చూచిన డొమింగో పాయెసు ఆ నగరమును రోముతో పోల్చినాడు. 1540వ దశకమున పాండ్యతీరపు ముత్యపుచిప్పల రేవులలో తిరిగిన ఫ్రాన్సిసు జేవియరు తన లేఖలలో విజయనగరపు దండువారిని "బడగలు" అని పేర్కొనెను. ఇది తమిళుల "వడుగర్" అను మాటయే. నీలగిరిలోని బడగలతో ఈ పేరును కలపరాదు. మలక్కా రేవున వర్తకము చేయు చోళమండల తీరపు వారిని తొమె పీరెసు "కెలిం"లు అనెను. అది మన కళింగశబ్దమునకు దూరపు బిడ్డ. తెలింగు, బడగ, కెలిం: ఇన్ని మాటలుండగా పోర్చుగీసు గ్రంథములలో జెంతీయు హిందువులకందఱికిని ఉమ్మడి పేరుగనే నిలిచెను. దానిని ఇఱుకుచేసి తెలుగువారికి మాత్రమే బిగించినది ముఖ్యముగా ఇంగ్లీషువారు, అందును మదరాసు ఇంగ్లీషువారు.

1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు చోళమండల తీరమున ఇసుకనేలను ఇంగ్లీషు కుంపిణీవారికి ఇచ్చెను. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణము వెలసెను. ఆ రేవున ఇంగ్లీషువారు కాలిడునాటికి ప్రక్కనే శాంతోమున పోర్చుగీసువారు శతాబ్దికి పైగా కాపురముండిరి. తీరమంతటను బేరసారములకు పనికివచ్చు ఐరోపా భాష పోర్చుగీసే. ఇది ఎంత దూరము పోయినదనగా, 1698 నాటి కుంపిణీ రాజశాసనములో, హిందూదేశమునకు వచ్చు మతాచార్యులు సంవత్సరము లోపల పోర్చుగీసు నేర్చుకొని తీరవలెనని విధించిరి. ఇట్లు ఇంగ్లీషువారు ఈ దేశమును మొదట పోర్చుగీసు కన్నులతో చూచిరి. జెంతీయు వారి నోట పడి జెంటూ యయ్యెను. మనకును ఆ భాష అప్పు లేకపోలేదు. మేస్త్రీ, ఆయా, బొత్తాము, పీపా, అలమర, అనాస, పాదిరి: ఇవన్నియు ఆ యోడలలో దిగినవే. వస్తువుతోబాటు మాటను తీసికొనుటలో నష్టమేమియు లేదు. పేరును తీసికొనుట వేఱు సంగతి.

జెంటూ తెలుగువారికే ఏల నిలిచెను? యూలు, బర్నెలు అను పండితులు 1886లో వెలువరించిన ఆంగ్లో-ఇండియను పదకోశములో, పోర్చుగీసువారు వచ్చునాటికి దక్షిణమున అధికభాగమును తెలుగు ప్రభువుల విజయనగరము ఏలుచుండెను గనుక ఆ పేరు తెలుగువారికి అంటియుండునని ఊహించిరి. ఈ కారణము బలమైనదే. కాని నా తలంపున దీనికి తోడుగా మఱియొకటి పనిచేసినది. తమిళులకు అప్పటికే వేఱొక తప్పుపేరు వచ్చి యుండెను. పోర్చుగీసువారు ముందు పడమటి తీరమున దిగి అచ్చటి భాషను మలబారు అనిరి; తరువాత తూర్పుతీరమున తమిళమును విని, రెంటికిని గల పోలికను బట్టి దానికిని మలబారు అను పేరునే ఇచ్చిరి. 1578లో కొల్లమున అచ్చైన తమిళ ప్రార్థనాగ్రంథము మీదను మలబారు, తమిళము అను రెండు పేర్లును చేరియున్నవి. చెన్నపట్టణపు వీధిలో ఇంగ్లీషు వర్తకునకు కనబడిన హిందువులలో తమిళుడు మలబారు అని పేరుపడగా, పేరు లేక మిగిలినవాడు తెలుగువాడు. ఉమ్మడి పేరు మిగిలినవానికి దక్కెను. తోబుట్టువులు పాత్రలను పంచుకొన్న పిమ్మట ఇంటి పేరు చివరి తమ్మునికి మిగిలినట్లయినది. ఇదే కాలమున "మోర్సు" అను మాట హిందుస్తానీ భాషకు పేరైనది. 1772లో హాడ్లీ ప్రకటించిన హిందుస్తానీ వ్యాకరణపు పేరులో ఆ మాట కనబడును. మలబారు, మోర్సు, జెంటూ: మూడు భాషలకు మూడు తప్పుపేర్లు, మూడును పోర్చుగీసువారి మూటలోనివే.

తెలిసినవారు అప్పుడును లేకపోలేదు. 1670వ దశకమున ఈ తీరమున తిరిగిన వైద్యుడు జాను ఫ్రయరు, ఈ భాషను సాధారణముగ జెంటూ అందురుగాని దాని సొంతపేరు తెలింగ యని 1698లో అచ్చైన తన గ్రంథములో స్పష్టముగ వ్రాసెను. మదరాసులో చాలకాలము పనిచేసిన జర్మను పాదిరి బెంజమిను షుల్జు స్వదేశమునకు మరలి, 1740వ దశకమున హల్లే పట్టణమున తెలుగు పుస్తకములను అచ్చు వేయించెను. మన భాషకు అచ్చుముఖము చూపిన తొలి పుస్తకములవి. వాని లాటిను పేర్లలో "తెలుగికా" అనియే కలదు. సరియైన పేరు చేతికి అందునంత దూరముననే యున్నను మదరాసు కచేరీలలో మఱి నూరేండ్లపాటు జెంటూ యనియే చెల్లినది. కచేరీలో కుదురుకొన్న మాటను పండితుడు కదలింపలేడు.

కలకత్తాలో కథ వేఱు. అచ్చట జెంటూ యనగా తెలుగువాడు కాడు, హిందువు. వారన్ హేస్టింగ్సు పదునొకండుగురు పండితులను కూర్చి ధర్మశాస్త్రములనుండి వ్యవహారనిర్ణయములను సంకలనము చేయించెను. అది సంస్కృతమునుండి పారశీకమునకును, పారశీకమునుండి ఇంగ్లీషునకును మాఱి 1776లో "జెంటూ ధర్మసంహిత" అను పేర వెలువడెను. ఇంగ్లీషు చేసినవాడు నథానియేలు హాల్హెడ్డు. అందు తెలుగువారికి ప్రత్యేకముగ చెందినది ఏమియు లేదు. మనవారిలో కొందఱు ఈ గ్రంథపు పేరును చూచి తెలుగువారి ప్రాచీన శాసనమేదో ఆంగ్లేయులకు దొరకెనని మురియుదురు. ఆ మురిపెము నిలువదు.

హాల్హెడ్డు తన పీఠికలో ఈ మాట పుట్టుకను గూర్చి చెప్పిన విషయము మనవారికి నవ్వు పుట్టింపక మానదు. జెంటూ యనునది సంస్కృతపు "జంతు" శబ్దమనియు, సామాన్యముగ ప్రాణి యనియు, విశేషముగ మనుష్యుడనియు దాని యర్థమనియు, దేశస్థుల నోట తఱచుగ వినిన పోర్చుగీసువారు దానిని పట్టుకొని యుందురనియు ఆయన ఊహించెను. సంస్కృతమున జంతువనగా పుట్టినది, ప్రాణి. మన వాడుకలో పశువు. తెలుగువాడు ఈ వ్యుత్పత్తిని విన్నచో జెంటూ కంటె ఇదియే పెద్ద అవమానమనును! ఊహ తప్పు, పోర్చుగీసు పండితుని ఎవని నడిగినను జెంతీయు లాటినునుండి తమకు ఇంటనే వచ్చిన మాట యని చెప్పును. కాని తప్పులో ఒక వింత సత్యము దాగియున్నది. లాటిను "జెన్సు"కును, సంస్కృత "జంతు"వునకును, "జన", "జాతి" శబ్దములకును మూలధాతువు ఒక్కటే. పుట్టుట యను నర్థముగల ఆ ధాతువునుండియే రెండు దేశములలో ఇవి పెరిగినవి. సంస్కృత లాటినుల పోలికను హాల్హెడ్డే 1778 నాటి తన బెంగాలీ వ్యాకరణమున గమనించెను. 1786లో విలియం జోన్సు దానిని ప్రసిద్ధము చేసెను. జెంటూ జంతువు కొడుకు కాడు గాని, దూరపు దాయాది.

మన కథకు పరాకాష్ఠ 1814 మొదలు 1817 వఱకు గల నాలుగేండ్లు. 1814లో శ్రీరాంపురమున విలియం కేరీ ప్రకటించిన వ్యాకరణములో మన భాష పేరు తెలింగాన. 1816లో మదరాసున ఎ. డి. క్యాంబెలు ప్రకటించిన దానిలో తెలుగు. అయితే "సామాన్యముగ జెంటూ యనబడునది" అను తోక కూడ పేరులోనే కలదు. 1817లో, మొదట చెప్పిన విలియం బ్రౌను పుస్తకములో ఒక్క జెంటూయే. ఒక్క భాషకు నాలుగేండ్లలో మూడు పేర్లు! క్యాంబెలు పేరులోని ఆ తోక నాకు మిక్కిలి విలువైనదిగ తోచును. సరియైన పేరు ముందునకు వచ్చెను, పాతపేరు వెనుకకు జరిగెను, కాని కొనువారు గుర్తుపట్టుటకై దానిని విడువలేకపోయిరి. ఇంతకంటె ముఖ్యమైనది ఆ పుస్తకము లోపల కలదు. ఫ్రాన్సిసు వైటు ఎల్లిసు దానికి వ్రాసిన పీఠికలో తెలుగు సంస్కృతపు బిడ్డ కాదనియు, తమిళ కన్నడములతోడి కుటుంబమునకు చెందినదనియు ఉదాహరణములతో నిరూపించెను. ద్రావిడభాషలను గూర్చి కాల్డ్వెలు గ్రంథము వచ్చినది అటుపిమ్మట నలువదేండ్లకు, 1856లో. జెంటూ యను మాటను అట్టపై మోసిన పుస్తకమే మన భాష వంశమును సరిగా చెప్పినది. తరువాత 1821లో వెలువడిన క్యాంబెలు నిఘంటువు పేరులోను తెలుగు ముందుండి ఆ తోక వెనుక నిలిచెను; 1852లో చార్లెసు బ్రౌను నిఘంటువు తెలుగు అను పేరుతోనే వెలువడెను. జెంటూ మెల్లగ కచేరీనుండియు తప్పుకొనెను.

ఇప్పుడు ఎదురు ప్రశ్న. ఇంగ్లీషులోని జెంటూను తిరిగి పోర్చుగీసు చేయవలసివచ్చినచో ఏమనవలెను? పుట్టినింటి మాట గదా, జెంతీయు అనిన చాలునని తోచును. చాలదు. అత్తవారింట నూఱేండ్లు గడపిన కోడలిని పుట్టింటి చిన్ననాటి పేరుతో పిలిచినట్లగును. బ్రౌను వ్యాకరణమును "జెంతీయు భాషా వ్యాకరణము" అని పోర్చుగీసు చేసినచో, బ్రెజిలు పాఠకుడు అడవిజాతుల భాష యనుకొనును. అచ్చట "తెలుగు" అనియే వ్రాయవలెను. హాల్హెడ్డు గ్రంథమునకైనచో హిందూ యన్నమాట తగును. ఫ్రయరు వంటి పాతవారి వ్రాతలలో మాత్రము ఒక్కొక్క వాక్యము చూచి నిర్ణయింపవలసినదే. ఒక చోట జెంటూ ముసల్మానునకు ఎదురుమాట, మఱియొక చోట మలబారునకు ఎదురుమాట. మొదటిదానికి జెంతీయు అనియే వ్రాసినను దోషము లేదు, రెండవదానికి తెలుగు.

హిందువునకు జెంతీయు అను మాట పోర్చుగీసు చట్టములలో చాల కాలము నిలిచినది. గోవాలోని హిందువుల ఆచారవ్యవహారములను గూర్చి 1880 డిసెంబరు 16వ తేదీన లిస్బను ప్రభుత్వము ఒక శాసనము చేసినది. అందు వారిని జెంతీయు హిందువులనిరి. 1961లో గోవా విముక్తమైన పిమ్మటను ఆ శాసనము వెంటనే పోలేదు. ఇంగ్లీషు న్యాయవాదులు దానిని అనువదించునప్పుడు "జెంటైల్ హిందువులు" అని వ్రాసిరి. రెండు వందల యేండ్ల క్రిందట అదే మాట ఇంగ్లీషువారి చేత జెంటూ యయ్యెను. మరల వచ్చినప్పుడు జెంటైల్ అయ్యెను. ఒకే వ్యక్తి రెండు వేషములతో రెండుసార్లు ఒకే యింటి తలుపు తట్టినను ఇంటివారు గుర్తుపట్టలేదు.

ఈ గొడవ అంతయు మనకేల యని యెవరైన అడుగవచ్చును. తమిళనాటను ఇతరత్రను స్థిరపడిన మన కుటుంబములలో ముత్తాతల జాడను పాత ఇంగ్లీషు దస్తావేజులలో వెదకువారు నానాటికి హెచ్చుచున్నారు. వారు తెలుగు అను మాటకై వెదకి, లేదని పుస్తకము మూయుచున్నారు. 18వ శతాబ్దపు మదరాసు కాగితములలో వెదకవలసిన మాట జెంటూ. దాని వర్ణక్రమము కూడ ఒక్క తీరున నుండదు, జెంట్యూ యనియు, జెంటు అనియు వ్రాతగాని చేతివాటమును బట్టి మాఱును. ప్రక్కన మలబారు అను మాట జతగా కనబడినచో ఆ జెంటూ నిశ్చయముగ తెలుగువాడు. ప్రక్కన మోరు కనబడినచో తొందరపడరాదు. అతడు తెలుగువాడు కావచ్చును, తమిళుడు కావచ్చును, హిందువని మాత్రమే తెలియును. కలకత్తా కాగితమైనచో అసలే మనవాడని తలపరాదు. ఇట్లు చూడక, కనబడిన ప్రతి జెంటూను మన ఖాతాలో వ్రాసికొన్నచో పొరుగువారి పూర్వికులను దొంగిలించినట్లగును; చూడక విడిచినచో మనవారిని మనమే పోగొట్టుకొన్నట్లగును. రెండు తప్పులను చేసిన చిన్న చరిత్రపుస్తకములను నేను చూచితిని.

ఇక ఈ మాటకు మూడవ యర్థమొకటి మిగిలియున్నది. దక్షిణధ్రువ ప్రాంతమునను, ఫాక్లండు దీవులలోను ఒక జాతి పెంగ్విను పక్షి కలదు. దాని తలమీద ఒక కంటినుండి మఱియొక కంటివఱకు తెల్లని పట్టె యుండును. ఇంగ్లీషులో దాని పేరు జెంటూ పెంగ్విను. ఆ తెల్లపట్టె హిందువుల తలపాగాను తలపించినందున నావికులు ఆ పేరు పెట్టిరని కొందఱందురు. అది నిశ్చయము కాదు. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరులో "పపువా" అని యున్నది. ఆ పక్షి పపువా దేశమున లేనే లేదు, పాపము! నేటి పోర్చుగీసున దానిని "పింగ్విం జెంటూ" అందురు. తమ భాషనుండి బయలుదేఱిన మాటను గుర్తుపట్టక, ఇంగ్లీషు మాటగ భావించి, ఇంగ్లీషు రూపముతోనే ఇంటికి తెచ్చుకొనిరి. మన భాషను మాత్రము వారిప్పుడు తెలుగు అనియే వ్రాయుచున్నారు.